నాలుగు పాటలు - ఏడేండ్ల యొడంబడిక

దక్షిణ కొరియా రాజధానియగు సియోలు నగరమునందలి కేంద్ర జిల్లా న్యాయస్థానము 2025 అక్టోబరు 30వ తేదీన నొక తీర్పు చెప్పినది. వాది యొక సంగీత వ్యాపార సంస్థ. ప్రతివాదులు అయిదుగురు యువతులు. అందు చిన్నది అప్పటికి పదునేడేండ్లది. సంస్థతో వారు చేసికొన్న యొడంబడిక 2029 జూలై 31 వరకు చెల్లుననియు, దానిని త్రెంచుకొంటిమని వారు తమంతట తాము చేసిన ప్రకటన చెల్లదనియు ఆ తీర్పు సారాంశము. పరదేశపు పాటకత్తెల తగవును గూర్చి సంపాదకీయము వ్రాయుట యేమి వింత యని మా పాఠకులలో పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. వారి యిండ్లలోని పిల్లల నడిగినచో ఆ యువతుల పేళ్లు వరుసగా నప్పజెప్పుదురని మాత్రము మే మెఱుగుదుము.

పాటను గూర్చి మే మీ దినమున వ్రాయుటకు కారణములు రెండు గలవు. పాడి యాడి కోట్లు గడించి పెట్టు నొక బాలిక పనివాండ్ర లెక్కలోనిదా, భాగస్వామియా, లేక సరకా యను ప్రశ్నము ఆ వ్యాజ్యమున బయటపడినది. దానికి తిన్నని సమాధాన మింకను రాలేదు. రెండవది మనకు మరింత దగ్గరిది. ఆ బాలికల సంస్థను తన చేతిలో నుంచుకొన్న మూలసంస్థ, హైబ్ అను పేరుగలది, 2025వ సంవత్సరమున ముంబయి నగరమున తన శాఖను తెఱచినది. ఈ దేశపు యువకళాకారులను వెదకి తీర్చి లోకమునకు చూపుట తన యుద్దేశములలో నొకటియని ప్రకటించినది. రాయలసీమలో పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము 2019లో పని కెక్కినప్పుడు కొరియావారి పని తీరు మన జిల్లాలకు కొంత తెలిసివచ్చినది. కార్లు చేయించుటకు వచ్చినవారి వెనుక పాటలు చేయించువారును వచ్చుచున్నారు. వచ్చుట తప్పనము. వచ్చినవారు మన పిల్లలచేత నెటువంటి కాగితముపై వ్రాలు చేయింతురో ముందుగా నెఱిగియుండుట మంచిదందుము.

తగవునకు మూలమైనది నాలుగు పాటల చిన్న సంపుటము. 2022 జూలై 22వ తేదీన, ముందుగా నేవిధమైన చాటింపును లేక, "అటెన్షన్" అను పాట చిత్రరూపమున వెలువడినది. పాడువా రెవరో, వారి పేళ్లేమో యప్పటికి లోకమునకు తెలియదు. ఆగస్టు 1వ తేదీన "న్యూజీన్స్" అను బృందము పేరనే తొలి సంపుటము వెలువడినది. "అటెన్షన్," "హైప్ బాయ్," "కుకీ," "హర్ట్" - నాలుగును కలిపి పదుమూడు నిమిషములకు మించవు. మింజీ, హానీ, డానియల్, హేరిన్, హ్యెయిన్ అనువారు ఆ అయిదుగురు. పెద్దదానికి పదునెనిమిది, చిన్నదియగు హ్యెయినుకు పదునాలుగు. హానీ ఆస్ట్రేలియాలో పుట్టిన వియత్నాము సంతతి పిల్ల. డానియల్ ఆస్ట్రేలియా, కొరియా దేశములు రెంటికిని జెందినది. "అటెన్షన్" రచనలో డానియలుకును, "హైప్ బాయ్" రచనలో హానీకిని పాలు గలదని సంపుటమే చెప్పుచున్నది. అచ్చుప్రతులు ఆగస్టు 8వ తేదీన అంగళ్లకు రాగా, తొలి వారముననే మూడు లక్షలకు పైగా చెల్లినవి. ఆ దేశమున కొత్తగా రంగమెక్కిన బాలికల బృందమునకు అంతవఱ కట్టి యమ్మకము లేదు.

మా కార్యాలయములోని చిన్నవారి ప్రోత్సాహమున మేమును ఆ నాలుగు పాటలను వింటిమి. మా చెవి త్యాగరాజ కృతులకును, పల్లె పదములకును అలవాటుపడినది గాన, మా మాటను ప్రమాణముగా గొనవలదని ముందే విన్నవించుచున్నాము. కాని యొక్క విశేషము మాకును స్పష్టముగా వినవచ్చినది. ఆ కాలపు కొరియా బృందము లనేకములు మేళతాళములు దద్దరిల్ల, ఒక్కొక్క పాటలో నాలుగైదు వరుసలు మార్చి, వినువానిని నివ్వెరపఱచుటయే విద్యగా నెంచినవి. ఈ పిల్లలు కేక వేయరు. 1990ల నాటి అమెరికా నీగ్రోజాతి సంగీతపు టొయ్యారమును అరువు తెచ్చుకొని, తగ్గు స్వరమున, సావకాశముగా, తోటివారితో మాటలాడుచున్నట్లు పాడుదురు. పాటలను కూర్చినవారిలో ముఖ్యుడు "250" అను అంకెనే పేరుగా బెట్టుకొన్న వాద్యకారుడు. అలంకారములు తగ్గించి, గొంతునకు చోటు విడుచుట ఆతని చాతుర్యము. విడిచిన జుట్టు, సాదా బట్టలు, బడి పిల్లల నడక - ఈ సాదాతనమంతయు గొప్ప లెక్క వేసి చేసినదే యని మే మెఱుగకపోలేదు. లెక్క వేసినను పాట పాటయే. అది బాగున్నది.

ఆ సంపుటమున మాకు నచ్చని దొకటి గలదు. "కుకీ" యను పాటలోని యాంగ్లపదములకు అనుచితమైన రెండవ యర్థము స్ఫురించుచున్నదని ఆంగ్లము తెలిసినవారు పలువు రాక్షేపించిరి. అట్టి యుద్దేశము తమకు లేదని సంస్థ 2022 ఆగస్టు నెలలోనే సుదీర్ఘమగు వివరణ మిచ్చుకొన్నది. ఉద్దేశము లేకపోవచ్చును. పెద్దలు వ్రాసి, పెద్దలు పరిశీలించి, పెద్దలు విడుదల చేసిన మాటలను పదునాలుగేండ్ల పిల్ల నోట బెట్టి పాడించినప్పుడు, ఆక్షేపణము వచ్చిన దినమున లోకము చూచునది ఆ పిల్ల ముఖమునే. ఆ పిల్ల కా పాటను వలదనుటకు హక్కు గలదా యని నాడెవ్వరును అడుగలేదు. రెండేండ్ల తరువాత వచ్చిన పెద్ద తగవు ఈ యడుగని ప్రశ్నమునుండియే పుట్టినదని చెప్పిన తప్పు లేదు.

ఈ వ్యాపారము కొరియాలో నిట్లు పెరుగుటకు ఆ జాతి చరిత్రలో కారణము గలదు. 1910 మొదలు 1945 వరకు ఆ దేశము జపానుకు లోబడియుండెను. తుది సంవత్సరములలో పాఠశాలలందు మాతృభాషను తొలగించిరి. ఇంటి పేళ్లను గూడ జపాను పేళ్లుగా మార్చుకొమ్మని నిర్బంధించిరి. ఆగస్టు 15 మనకు వలెనే వారికిని విమోచన దినము, మనకంటె రెండేండ్లు ముందుగా. ఆ దాస్యకాలముననే, 1939 ప్రాంతమున, "చొగొరి సిస్టర్స్" అను గాయనీబృందము వెలసినది. చొగొరి యనగా వారి సంప్రదాయపు పైవస్త్రము. ఆ బృందమున నొకతెయైన లీ నాన్యంగు పిదప తన కుమార్తెల నిద్దరిని, సోదరుని కుమార్తెను తీర్చి "కిమ్ సిస్టర్స్" అను బృందముగా జేసినది. 1950లో మొదలైన యుద్ధమున తండ్రి కనబడకపోయెను, కుటుంబము చితికిపోయెను. ఆ పిల్లలు అమెరికా సైనికుల శిబిరములలో, భాష తెలియకుండనే ఆంగ్లపు పాటలను చెవినిబట్టి నేర్చి పాడి, పొట్ట పోసికొనిరి. 1959లో అమెరికాకు పోయి లాస్ వేగాసు నగరమున పేరు తెచ్చుకొనిరి. పాట వారికి విలాసము కాదు, అన్నము. ఈ సంగతి మఱచి కొరియావారి పాటల పిచ్చియని నవ్వువారు వారి కథ నెఱుగనివారు.

1997 నాటి ఆర్థిక సంక్షోభమున ఆ దేశము మోకాళ్లపై గూలినది. కిమ్ డేజుంగు అధ్యక్షుడైన పిమ్మట, 1999లో, సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహమునకు మూలశాసనము నొకదానిని చేసిరి. ఓడలు, ఉక్కు, కార్లు ఎట్లో, పాటలును చిత్రములును అట్లే ఎగుమతి సరకు లని ప్రభుత్వమే తలంచినది. ఫలితము లోకమెఱుగును. బి.టి.ఎస్. అను యువకుల బృందమును తీర్చిన సంస్థ 2020 అక్టోబరులో వాటాల బజారున కెక్కి, 2021లో హైబ్ అని పేరు మార్చుకొన్నది. పరిశ్రమ యని పేరు పెట్టిన పిదప పరిశ్రమ లక్షణములన్నియు రాక తప్పవు గదా. పెట్టుబడిదారులు వచ్చిరి, త్రైమాసిక లెక్కలు వచ్చినవి, శిక్షణశాలలు వచ్చినవి. పదిపండ్రెం డేండ్ల పిల్లలను తెచ్చి, యేండ్ల తరబడి ఆట, పాట, పరభాషలు నేర్పి, అందు కొందఱిని మాత్రమే రంగమున కెక్కించు పద్ధతి వచ్చినది. ఎక్కనివారి కథ పత్రికలలో రాదు.

న్యూజీన్స్ వారిని తీర్చినది అడోర్ అను ఉపసంస్థ. 2021 నవంబరులో హైబ్ దానిని నెలకొల్పి, మిన్ హీజిన్ అను నామెను అధిపతిగా నియమించినది. ఆమె అంతకుమున్ను వేరొక పెద్ద సంస్థలో అనేక బృందముల రూపురేఖలు దిద్ది ప్రసిద్ధి కెక్కినది. వాటాలలో నూటికి ఎనుబది హైబువి, పదునెనిమిది ఆమెవి, తక్కినవి ఇతరులవి. చేతిపని ఆమెది, సొమ్ము వారిది. ఇట్టి కూటములందు పంట బాగుగా బండిన యేటనే తగవు వచ్చుట మన గ్రామములలో జూడని దెవరు? 2023లో అడోర్ రాబడి సుమారు 11,000 కోట్ల వోన్లు. ఆ యేడు జూలైలో వెలువడిన వారి రెండవ చిన్న సంపుటము "గెట్ అప్" అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానమున నిలిచినది. మరునాటి వసంతముననే యుద్ధము మొదలైనది.

2024 ఏప్రిల్ 22వ తేదీన, ఉపసంస్థను చేజిక్కించుకొన యత్నించుచున్నదని నింద మోపి, మిన్ హీజిన్‌పై హైబ్ లెక్కల తనిఖీకి దిగినది. మూడు దినముల పిదప ఆమె పత్రికల వారి నెదుర రెండు గంటలకు పైగా మాటలాడి, ఆ నింద నిరాధారమని వాదించినది. మే 30న న్యాయస్థానము ఆమె తొలగింపును తాత్కాలికముగా నాపినది. ఆగస్టు 27న ఆమె యధికారపీఠము దిగవలసివచ్చినది. ఈ పెద్దల పోరాటమున నెవ్వరిది న్యాయమో తేల్చుటకు మేము పూనుకొనము; దానికి వేరు వ్యాజ్యములు గలవు. నడుమ చిక్కిన అయిదుగురు మాత్రము ఆమెనే మరల నియమింపవలెనని సెప్టెంబరు 11న బహిరంగముగా కోరిరి. నవంబరు 28న, సంస్థ తన ధర్మమును తప్పినది గాన ఆ రాత్రితో తమ యొడంబడిక ముగిసినదని ప్రకటించిరి. న్యాయస్థానమునకు పోలేదు. పోయినది సంస్థయే, డిసెంబరులో ఒడంబడిక చెల్లునని తేల్చుమని దావా వేసినది. 2025 ఫిబ్రవరిలో వారు కొత్త పేరు పెట్టుకొనిరి. మార్చి 21న న్యాయస్థానము సంస్థ యనుమతి లేక ఏ ప్రదర్శనమును చేయరాదని యుత్తర్వు చేసినది. రెండు దినములకు హాంగుకాంగున నొక సభలో పాడి, అదే వేదికపై తాము విరమించుచున్నామని చెప్పిరి. ఆపైని అనుమతి లేని ప్రతి ప్రదర్శనమునకు తలకు నూరు కోట్ల వోన్లు, మన లెక్కలో సుమారు ఆరు కోట్ల రూపాయలు, చెల్లింపవలెనని మే నెలలో మఱియొక యుత్తర్వు వచ్చినది. ప్రఖ్యాతి యొక్క శిఖరమున నున్న వారు పాడక కూర్చుండిరి.

ఈ కథలో మా మనస్సును మిక్కిలి పట్టుకొన్నది న్యాయస్థానపు తీర్పు కాదు. అంతకు ముందు జరిగిన యొక చిన్న సంగతి. 2024 అక్టోబరు 15న హానీ కొరియా జాతీయ శాసనసభ యొక్క కార్మిక వ్యవహారముల సంఘము నెదుట సాక్ష్యమిచ్చినది. తమ కార్యాలయమున మఱియొక బృందపు వ్యవహర్త తనను పలుకరింపవలదని, చూడనట్లు పొండని, తన యెదుటనే తనవారికి చెప్పెనని ఆమె యారోపించినది. అట్టిది జరుగలేదని యవతలివారు త్రోసిపుచ్చిరి. ఇది చిన్నమాటగా దోపవచ్చును. కాని యా దేశమున పనిచేయు చోట నొకరినొకరు వేధించుటను నిషేధించు శాసనము గలదు. ఆమె యభిమాని యొకడు ఫిర్యాదు చేయగా, కార్మికశాఖవారు నవంబరులో దానిని మూసివేసిరి. జరిగినదా, లేదా యని వారు తేల్చలేదు. ఆమె పనివాండ్ర లెక్కలోనిది కాదు గనుక ఆ శాసన మామెకు వర్తింపదనిరి.

వారు చూపిన కారణములు మన భూస్వాములు శ్రద్ధగా వినదగినవి. ఆమెకు నిర్ణీతమగు పనివేళలు లేవు; నిర్ణీతమగు చోటు లేదు. కంపెనీ యుద్యోగుల నిబంధనలు ఆమెకు లేవు. ఆమె పుచ్చుకొనునది జీతము కాదు, లాభములో పాలు. ఖర్చులను ఇరువురును భరింతురు. పన్ను కట్టునప్పుడు జీతగాని పన్ను గాక వర్తకుని పన్ను కట్టును. కావున ఆమె సంస్థతో సమానస్థాయిలో నొడంబడిక చేసికొన్న వ్యక్తి.

మన భాషలో జెప్పవలెనన్న ఆమె పాలేరు కాదు, కోరుకౌలుదారు. కోరుకౌలు నెఱిగినవారికి ఈ వాదములోని బలమును, బోలుదనమును రెండును తెలియును. కౌలుదారుడు పేరునకు స్వతంత్రుడు. ఎప్పుడు దున్నవలెనో, ఎప్పుడు కోయవలెనో వానికి చెప్పు గడియారము లేదు. కాని విత్తనములు ఆసామివి, ఎరువులు ఆసామివి, ఎద్దులు ఆసామివి. అన్నిటి వెలయు కళ్లములో ముందుగా కొలిచి తీసిన పిదప మిగిలిన రాశిలోనే పంపకము. రాశి చిన్నదైన యేట వాడు తట్ట దులుపుకొని పోవును. లెక్క వ్రాయునది ఆసామి గుమాస్తా. కొరియా సంగీతపరిశ్రమలో శిక్షణపు ఖర్చులు, చిత్రముల ఖర్చులు, బట్టల ఖర్చులు తీరిన పిదపనే గాయకుని పాలు మొదలగుట చాలకాలముగా వాడుక. ఇందు విశేష మేమనగా మన కౌలుదారునకు పొలము నందు నిలుచుటకు శాసనరక్షణ యెంతోకొంత గలదు. అక్కడి గాయనికి పొలమే తన దేహము. దానినుండి తొలగిపోవుటకే ఆమెకు వీలు లేకపోయినది.

అన్యాయమంతయు నొక ప్రక్కనే గలదని మే మనము. అట్లనువారు ఆ దేశపు పూర్వచరిత్రను చూడవలెను. 2009 జూలైలో అయిదుగురు యువకుల ప్రసిద్ధ బృందము నుండి ముగ్గురు తమ సంస్థపై వ్యాజ్యము వేసిరి. వారి యొడంబడిక పదుమూడేండ్లది. ఆ శరదృతువున న్యాయస్థానము వారికి చాలవఱ కనుకూలించినది. అదే యేడు కొరియా వాణిజ్య నియంత్రణ సంఘము ఒక ప్రామాణిక ఒడంబడిక పత్రమును రూపొందించి ఏడేండ్ల పరిమితిని విధించినది. న్యూజీన్స్ వారి ఏడేండ్లును అక్కడినుండి వచ్చినవే. 2014 నుండి పదునైదేండ్లు నిండని కళాకారులకు వారమునకు 35 గంటలు, పదునైదు నిండిన మైనరులకు 40 గంటలు పనివేళల హద్దు సామాన్యముగా నుండవలెనని శాసనము గలదు. కార్మికుడు కాదనుచునే కాపాడుటకు కొంత ప్రయత్నించినారన్న మాట. ఆ పరిమితులు లేని దేశము మనది.

సంస్థల వాదమును గూడ వినవలెను. ఒక బృందమును తీర్చుటకు ఏండ్లు పట్టును. పది బృందములలో తొమ్మిది నష్టమే తెచ్చును. పండిన యొక్కటి తక్కినవాని నష్టమును తీర్చవలెను. పండిన మరునాడే గాయకులు లేచిపోవచ్చునన్నచో పెట్టుబడి పెట్టువా డుండడు. ఇది యసత్యము కాదు. 2023 జూన్‌లో "ఫిఫ్టీ ఫిఫ్టీ" యను నలుగురు యువతుల బృందము, వారి యొక్క పాట అమెరికా పట్టికల కెక్కిన కొలది నెలలకే, చిన్నదియగు తమ సంస్థ నుండి విడుదల కోరి వ్యాజ్యము వేసినది. ఆగస్టులో న్యాయస్థానము తిరస్కరించినది. ఒకతె మాత్రము తిరిగి పోయినది. సంస్థ తక్కిన చోటులను కొత్తవారితో నింపి అదే పేరుతో బృందమును నడుపసాగినది. బృందమునకు పేరు సంస్థది, పాటలు సంస్థవి. పాడినవారి దేహము లొక్కటియే వారివి.

2025 అక్టోబరు తీర్పును మేము తప్పుపట్టము. అధిపతిని తొలగించినంత మాత్రమున ఒడంబడిక భంగము కాదనియు, ఆమెనే యధిపతిగా నుంచవలెనను షరతు అందు లేదనియు, పరస్పర విశ్వాసము పూర్తిగా చెడిపోయినట్లు రుజువు కాలేదనియు న్యాయస్థానము నిర్ణయించినది. ఉన్న కాగితమును చదివి చెప్పవలసిన న్యాయమూర్తి యింతకంటె వేరుగా చెప్పుట దుర్లభము. న్యాయస్థానమునకు పోక తమంతట తాము విముక్తి ప్రకటించుకొనుట ఆ యువతుల పొరపాటు. సలహా యిచ్చిన పెద్దలది అంతకంటె పెద్ద పొరపాటు. మా కసంతృప్తి కలిగించుచున్నది తీర్పు కాదు, కాగితము. తన్ను రూపొందించినదెవరో, తనకు తోడుగా నిలిచినదెవరో వారిని చూచియే కళాకారిణి కాగితముపై వ్రాలు చేయును. ఆ మనిషి పోయిన దినమున ఆమె కేమి హక్కు గలదో కాగితము మౌనము వహించినచో, ఆ మౌనము ఎల్లప్పుడును బలవంతుని పక్షముననే యుండును.

తీర్పు వెలువడిన పదుమూడు దినములకే, నవంబరు 12న, హేరిన్, హ్యెయిన్ అనువారు సంస్థకు తిరిగి వచ్చుచున్నారని ప్రకటన వెలువడినది. తక్కిన మువ్వురును అదే దినమున తిరిగి పోవ నిశ్చయించితిమని తెలిపిరి. డిసెంబరు 29న సంస్థ డానియలుతో నొడంబడికను రద్దుచేసితిమని ప్రకటించినది. విడిచిపోవుదుమన్న దినమున పోరాదనిరి. వచ్చెదమన్న దినమున అందొకతెకు వలదనిరి. దీనికి కారణములని సంస్థ చెప్పుకొన్నవి సంస్థకు గలవు. వాని మంచిచెడ్డలు తేల్చు భారము న్యాయస్థానముది. కాని సమానస్థాయిలోని యిరువురి యొడంబడిక యని కార్మికశాఖ చెప్పిన మాటను చదువునప్పుడు ఈ రెండు దినములను ప్రక్కప్రక్కన బెట్టి చూడవలసియున్నది.

ఇక మన దేశము మాట. మన శాసనములు కొన్ని మేలైనవే. 1872 నాటి ఒడంబడికల చట్టము ప్రకారము మైనరు చేసిన యొడంబడిక చెల్లదు. 1903లో ప్రివీ కౌన్సిలు మోహరీ బీబీ వ్యాజ్యమున దానిని స్థిరపఱచినది. ఆ చట్టములోని 27వ విభాగము వృత్తిని నిరోధించు షరతులను చెల్లనీయదు. 2006లో క్రికెట్టు ఆటగాడు జహీర్ ఖాను వ్యాజ్యమున సుప్రీముకోర్టు, గడువు తీరిన పిమ్మట గూడ ఆటగాని కట్టివేయ జూచిన షరతును కొట్టివేసినది. ఒకని చేత బలవంతముగా సేవ చేయించు డిక్రీని మన న్యాయస్థానములు సామాన్యముగా నీయవు. ఈ పుణ్యము ఊరక రాలేదు. 1859లో కుంపిణీ పాలన తొలగిన మరుసటి యేడే తెచ్చిన శాసన మొకటి, బయానా పుచ్చుకొని పనికి రాని కూలిని మేజిస్ట్రేటు నెదుట నిలిపి శిక్షింపజేయుటకు దొరల కధికారమిచ్చినది. మద్రాసు రాజధానిలోని తోటల యజమానులు దానిని తనివితీర వాడుకొనిరి. దానిని తొలగించు శాసనము 1925లో గాని రాలేదు. ముందుగా సొమ్మిచ్చి మనిషిని కట్టివేయుట యెట్లుండునో మన తాతలకు తెలియును.

కాని యీ కోటలో పెద్ద గండి యొకటి గలదు. 2016లో సవరించిన బాలకార్మిక శాసనము పదునాలుగేండ్లు నిండని బాలకళాకారులకు మినహాయింపు నిచ్చి, 2017 నిబంధనలచే కొంత రక్షణము గల్పించినది: దినమునకు అయిదు గంటలకు మించరాదు, విరామము లేక మూడు గంటలకు మించరాదు, సంపాదనలో నూటి కిరువది పాళ్లైనను పిల్ల పేర బ్యాంకిలో నిలువ చేయవలెను. పదునాలుగు నిండిన మరునాడు ఆ రక్షణ పోవును. పదునెనిమిది వచ్చువఱకు పిల్ల తానుగా నొడంబడిక చేసికొనజాలదు గనుక తండ్రి వ్రాలు చేయును. సంగీతసంస్థలు ముఖ్యముగా కోరునది సరిగా పదునాలుగు నుండి పదునెనిమిది వరకు గల వయస్సునే! హ్యెయిన్ రంగమెక్కిన నాటికి పదునాలుగు నిండి మూడు నెలలు. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో గాయకుడు, నర్తకుడు పనివాండ్రలో పేర్కొనబడిరి. వ్రాతపూర్వకమగు నొడంబడిక యుండవలెననిరి. కొరియా కార్మికశాఖ యనజాలని మాటను మన స్మృతి యనినందుకు సంతోషింపవచ్చును. అయితే అది వేతనము పుచ్చుకొను వారిని తలంచి వ్రాసినది. లాభములో పాలు పుచ్చుకొను బాలిక దానిలోనికి వచ్చునా? శిక్షణ పేర మూడేండ్లు ఏమియు పుచ్చుకొనక అభ్యసించు బాలిక వచ్చునా? కేంద్రప్రభుత్వము నిబంధనలలో దీనిని విప్పి చెప్పవలసియున్నది.

మా పాఠకులలో వ్యవసాయదారులు పొలము కొనునప్పుడు ముప్పదియేండ్ల దస్తావేజులు వెదకింతురు, ఈసీ తీయింతురు, వకీలునకు చూపింతురు. అదే గృహస్థు కుమార్తె పాటల పోటీలో నెగ్గినదని టీవీలో జూచిన సంతోషమున, నలుబది పుటల యాంగ్ల పత్రమును చదువకయే వ్రాలు చేయును. తల్లిదండ్రుల నధిక్షేపించుట మా తలంపు కాదు. పిల్ల పేరు లోకమున మ్రోగుచుండగా ఎవ్వరి చేయి యాగును? అందువలననే ఈ పని వారికి విడువక రాజ్యము పూనుకొనవలెననుచున్నాము. ఆంధ్ర, తెలంగాణ శాసనసభల సభ్యులు కొరియా ప్రామాణిక పత్రమును తెప్పించుకొని చదువుదురు గాక. తీసివేయు ఖర్చులకు హద్దు, ఆరునెలల కొకసారి లెక్క చూపుట, పిల్ల తరపున వేరుగా నొక న్యాయవాది, పదునెనిమిదేండ్లు నిండిన దినమున ఒడంబడికను తిరిగి యంగీకరించుటకో, త్రోసిపుచ్చుటకో ఆమెకే స్వేచ్ఛ - ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. తుదిదానిని మేము అన్నిటికంటె మిన్నగా నెంచుదుము. తండ్రి పదునాలుగవ యేట పెట్టిన వ్రాలునకు పెరిగి పెద్దయైన కుమార్తె అవును, కాదనుట యొకసారియైనను అడుగబడవలెను.

ముంబయి శాఖవారు మన తెలుగు బాలికల నెందఱిని ఎన్నుకొందురో, ఏ పాటలు పాడింతురో, కాలమే తెలుపును. వారు తెచ్చు విద్య మంచిదైన, మన పిల్లలు నేర్వవలసినదే. కొరియా పత్రము మాత్రము అట్లే యున్నది. దాని ప్రకారము పదునాలుగేండ్ల వయస్సున మొదలిడిన హ్యెయిన్ 2029 జూలై 31న విముక్తురాలగును. అప్పటి కామె వయస్సు ఇరువదియొకటి.